చెప్పకుండా కాపాడటం

ఒకరి మేలు కోరి, వాళ్ల బతుకుకు సంబంధించిన నిజాన్ని వాళ్లకే తెలియకుండా దాచవచ్చా? ప్రశ్న పాతదే. జపాన్‌లో చిన్న వయసు ఆడపిల్లల కోసం వచ్చిన ఒక మాంగాలో (బొమ్మల కథలో) మాత్రం దీనికి రెండు జవాబులు దొరుకుతాయి, అవీ ఒకే రచయిత్రుల నుంచి. 'క్లాంప్' అనే నలుగురు మహిళల బృందం 'నకయోషి' మాసపత్రికలో 1996 నుంచి 2000 దాకా నడిపిన 'కార్డ్‌క్యాప్టర్ సకురా' 12 సంపుటాలు. అదే పత్రికలో 2016లో మొదలై 2023లో ముగిసిన కొనసాగింపు 'క్లియర్ కార్డ్' 16 సంపుటాలు. రెండోది నిరాశపరిచిందనే వాళ్లు సాధారణంగా కథ నత్తనడక నడిచిందనీ, పేజీల నిండా టీ కప్పులూ కేకులూ కొత్త గౌన్లేననీ అంటారు. నత్తనడక నిజమే. గౌన్ల మాటకొస్తే మొదటి కథలోనూ తక్కువేం లేవు, కథానాయిక సకురాకు గౌన్లు కుట్టే స్నేహితురాలు తొమోయో సూది పక్కన పెట్టిందెప్పుడు గనక! అసలు లోటు వేరే ఉంది. మనుషుల మధ్య ప్రేమ ఎలా నిలుస్తుందన్న దాని మీద మొదటి కథ ఇచ్చిన తీర్పును రెండో కథ చెప్పాపెట్టకుండా కొట్టేసింది.

మొదటి కథలో యుకితో సంగతి చూడండి. అతను మామూలు మనిషి కాడు, సకురా పోగుచేసే మాయా కార్డుల కాపరి యుయే ధరించిన రూపం. ఆ సంగతి అతనికే తెలియదు. ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది, గడిచిన కాసేపు ఏం జరిగిందో గుర్తుండదు. సకురాకు అన్నయ్య, యుకితోకి స్నేహితుడు అయిన తోయాకి మాత్రం అతనెవరో తెలుసు. చెప్పబోతాడు. నోరు తెరిచిన ప్రతిసారీ నకురు అనే పిల్ల ఎక్కడినుంచో ఊడిపడి మెడకు వేలాడుతుంది, మాట గొంతులోనే ఆగిపోతుంది. నవ్వు కోసం పెట్టిన ఆ సన్నివేశాల్లోనే కథ నీతి అంతా ఉంది. నిజాన్ని అడ్డుకునేది అల్లరి, దాన్ని చెప్పాలని తపించేది స్నేహం. యుకితో మాయమైపోయే స్థితికి వచ్చినప్పుడు తోయా చివరికి చెప్పేస్తాడు. తన శక్తినంతా యుయేకి ధారపోసేది ఆ తర్వాతే. దానం కన్నా ముందు మాట జరిగింది. సకురా కూడా ఇలాగే ఎదిగింది. వేరొకరి కార్డులను ఒక్కొక్కటిగా తన పేరు మీదికి మార్చుకోవడమంటే తన శక్తి ఏమిటో తను తెలుసుకోవడమే.

'క్లియర్ కార్డ్'లో ఆ శక్తే ఆమెకు తెలియకుండా పనిచేస్తుంది. తను పట్టుకుంటున్న కొత్త కార్డులను సృష్టిస్తున్నది తనేనని చాలాకాలం ఆమె ఎరగదు. పాత కార్డులు బొమ్మలు చెరిగి, పారదర్శకంగా ఖాళీ అయిపోతాయి. వాటిని తీసి దాచినవాడు ఎవరో కాదు, ఆమె ప్రేమించిన షావోరానే, ఆమె క్షేమం కోసమే. మొదటి కథలో తనను పరీక్షించిన ఎరియోల్‌కి సకురా సందేశాలు పంపితే జవాబు రాదు. కొత్తగా స్కూల్లో చేరిన అకిహో తనలో ఏముందో తనకే తెలియని పిల్ల. ఆమె ఇంటి వ్యవహారాలు చూసే కైతో ఆమె కోసం ఏకంగా కాలాన్నే వెనక్కి తిప్పుతాడు, సకురా అప్పుడే తెలుసుకున్నది తుడిచిపెట్టుకుపోతుంది. మొదటి కథలో నకురు చేసిన పనిని ఇందులో ఆత్మీయులందరూ గంభీరమైన ముఖాలతో చేస్తారు, దానికి త్యాగమని పేరు.

చిన్నపిల్ల కదా, దాచడం పెద్దల ధర్మం అనవచ్చు. కానీ మొదటి కథలో ఇంతకన్నా చిన్నదిగా ఉన్నప్పుడే సకురా వెళ్లి యుకితోకి తన మనసు విప్పింది. అతను మెత్తగానే అయినా సూటిగా, అది తండ్రి మీద ఉండే ప్రేమ లాంటిదని ఆమె చేతనే గుర్తింపజేశాడు. ఆమె షావోరాన్ దగ్గర ఏడ్చింది, తేరుకుంది. అప్పుడు మోయగలిగిన పిల్ల మాధ్యమిక పాఠశాలకు వచ్చాక మోయలేకపోయిందా? ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మొదటి కథలోనూ ఎరియోల్ అంతా దాచాడు, తొమోయో తన ప్రేమను దాచింది. నిజమే, కానీ దాపరికాలన్నీ ఒకటి కావు. తొమోయో దాచింది తన మనసును. అది ఆమె సొత్తు, దాచుకునే హక్కు ఆమెకుంది. షావోరాన్ దాచింది సకురా బతుకును. ఎరియోల్ విషయంలో తేడా ఇంకా స్పష్టం. అతను పెట్టిన ప్రతి పరీక్షా సకురా ఏదో ఒకటి చేయక తప్పని స్థితి తెచ్చింది. 'క్లియర్ కార్డ్' దాపరికం ఆమె చేయగలిగింది ఏమీ లేకుండా చేస్తుంది. చివర్లో అన్నీ బయటపడతాయిగా అంటే, పడతాయి. అప్పటికి నిర్ణయాలు చాలావరకు ఇతరులు తీసేసుకున్నారు.

మన రామాయణంలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. యుద్ధకాండ చివర పట్టాభిషేకం, ఫలశ్రుతి అయిపోయాక వచ్చే ఉత్తరకాండ కూడా కొనసాగింపే, తర్వాత చేరిందని చాలామంది పండితుల మాట. అక్కడా దాపరికమే. మునుల ఆశ్రమాలు చూడాలన్న సీత కోరికనే సాకు చేసుకుని లక్ష్మణుడు ఆమెను రథమెక్కిస్తాడు, రాముడు ఆమెను విడిచిపెట్టాడన్న అసలు సంగతి గంగ దాటేదాకా చెప్పడు. 1963 నాటి 'లవకుశ' సినిమా చూసినవాళ్లకు ఆ ప్రయాణం కళ్లకు కట్టినట్టుంటుంది. అయితే ఆ దాపరికాన్ని కావ్యం ప్రేమగా చూపించదు. లక్ష్మణుడు ఏడుస్తాడు, ఈ పని కన్నా చావు నయమనుకుంటాడు, ఆవలి ఒడ్డున ఆమె ఎదుట నిలబడి చెప్పి తీరతాడు. విని బదులు చెప్పే అవకాశం సీతకు ఉంటుంది. కైతో కాలాన్ని తిప్పేశాక అలాంటి ఒడ్డు రాదు. సకురా ముందులాగే నవ్వుతూ మాట కొనసాగిస్తుంది. మధ్యలో ఏదో జరిగిందని కైతోకి తెలుసు, చదువుతున్న మనకు తెలుసు, ఆమెకు తప్ప.