ఆటలో అరటిపండు



జగ్గయ్యపేట, నందిగామ మెట్టపల్లెల్లో తొక్కుడుబిళ్ల, చెడుగుడు మనం ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాం? పెద్దపిల్లలు ఆడుతుంటే చూశాం. చిన్నవాళ్లమని వారు తరిమేయలేదు. 'ఆటలో అరటిపండు'గా చేర్చుకున్నారు. తప్పినా అవుటనలేదు. ఆడుతూ ఆడుతూ ఆట వచ్చింది. వాళ్ల తొండి కూడా వచ్చింది సుమా! మన వెనుకవాళ్లకు రెండూ అందించాం.

విశ్వాసమూ అంతే. తిమోతి విశ్వాసం తొలుత అమ్మమ్మ లోయిలో, తల్లి యూనీకేలో నెలకొన్నదని పునీత పౌలుగారు గుర్తుచేశారు. మరి రాత్రి జపమాల వేళ మన పసివాడు ఎక్కడున్నాడు? అల్లరి చేస్తాడని సెల్‌ఫోన్ ఇచ్చి పక్కగదికి పంపుతున్నామా? పక్కన కూర్చోబెట్టుకోండి. మాట తప్పితే కసరకండి. పూసలు తిప్పుతూనే పొరుగువారిని ఆడిపోసుకుంటే మాత్రం, ఆ తొండీ వాడికి వచ్చేస్తుంది.

యేసుప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక!