జాతి వేరు, కులం వేరు



ఉపాసకులారా, ఉపాసికలారా!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో బండలకు కొదువ లేదు, కోతులకూ కొదువ లేదు. అమ్రాబాద్ అడవి దారిలో ఒక బండ దగ్గర ఆగి చూడుండ్రి. పైన కోతి కూర్చొని ఉంటది. దాని కాళ్ల కింద బూడిద రంగు మచ్చలుంటయి. అవి మరకలు కావు, ప్రాణమున్నవే. లైకెన్ అంటారు. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఒక లైకెనే.

రెండింటినీ పోల్చి చూడండి. మన దక్షిణాది కోతి బానెట్ మకాక్. దానికి నెత్తి మీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టుంటయి. తోక పొడుగు. పిల్లకు పాలిస్తది. లైకెన్‌కు వేరు లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. ఒక బూజు, ఒక పాచి కలిసి చేసే కాపురం అది. పాచి ఎండతో తిండి తయారు చేస్తది, బూజు దానికి ఇల్లవుతది. ఈ తేడా ఎవరూ చెప్పకుండానే చిన్నపిల్లలకు కూడా తెలుస్తది. జాతి అంటే ఇదీ.

వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు, మనిషి గొప్పతనం పుట్టుకతోనా, నడతతోనా అని వాదించుకొని బుద్ధ భగవానుని దగ్గరికి వచ్చారు. సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తం ఇదే. గడ్డికి, చెట్టుకు, పురుగుకు, పాముకు, చేపకు, పక్షికి పుట్టుకతో వచ్చిన గుర్తులు వేరువేరుగా ఉన్నాయని భగవానుడు చూపించాడు. మనుషుల కన్ను, చెవి, చేయి, కాలు చూస్తే అలాంటి గుర్తు ఒక్కటీ లేదన్నాడు. పొలం దున్నితే రైతు, సరుకు అమ్మితే వ్యాపారి. పని వల్ల వచ్చిన పేర్లే అవన్నీ.

మరి ఊర్లో ఏం జరుగుతుంది? కోతికి అరటిపండు చేతికందిస్తారు. సాటి మనిషికి నీళ్లు పైనుంచి ఎత్తిపోస్తారు.

వాళ్ల సంగతి సరే, మన సంగతేమిటి? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్నది ఒకటి. అది చదివిన ఇంట్లోనే పిల్లకు సంబంధం వస్తే "మాలోళ్లా, మాదిగోళ్లా?" అని అడుగుతున్నాం. జాతులు వేరైన బూజు, పాచి ఒక్క ఇంట్లో బతుకుతున్నయి. ఒకే జాతి మనుషులం మనం వెనకాడుతున్నాం.

ఈ పౌర్ణమికి విహారంలో కూర్చున్నప్పుడు ఈ మాట దాచకుండా మాట్లాడుకుందాం. దీక్ష నిలిచేది అక్కడే.

జై భీమ్! నమో బుద్ధాయ!