పేరు తెలియని తుప్ప



మన ప్రాంతములో పాడుపడిన పాత బంగళా తోటలు అక్కడక్కడ నున్నవి. ఎవరు నాటిరో తెలియని తుప్పలు వాటిలో పూచుచుండును. అట్టి తుప్పను చూచి, పూలు బాగున్నవి, ఉండనిండని ఒకరందురు. ఉత్త కంప, నరికివేయుడని మరియొకరందురు. ఇద్దరును దానిని ఎరుగరు. ఎరుగకయే తీర్పు తీర్చవచ్చునా? ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

మొక్కను గుర్తించుటకు ఒక క్రమము కలదు. కాండము, ఆకు, వాసన, పువ్వు, కాయ అన్నియు చూడవలెను. పలకల కాండము, దానిపై ముండ్లు, గరుకైన ఆకు, నలిపిన ఘాటు వాసన, ఒకే గుత్తిలో రెండు రంగుల చిన్న పూలు, పండి నల్లబడు కాయలు కనబడినయెడల అది లంటానా. పులికంప యని కొందరందురు. అమెరికా ఖండమునుండి తెచ్చి, 1809 ప్రాంతమున కలకత్తాలో అందము కొరకు నాటిరి. పిట్టలు పండ్లు తిని గింజలు వెదజల్లగా అడవులను కమ్ముకొనెను. ఆకు మేసిన పశువునకు కాలేయము చెడును. పువ్వును మాత్రమే చూచినవానికి ఇదేమియు తెలియదు.

అడ్డసరమును చూడుడి. దాని ఆకును మేకలు ముట్టవు. అంతమాత్రమున నరికినయెడల దగ్గునకు మందు పోగొట్టుకొందుము. ఒక్క గుర్తు చాలదు.

విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781 మొదలు సామర్లకోటలో నుండి మన తీరపు మొక్కలను పరీక్షించెను. 1795లో వెలువడనారంభించిన తన గ్రంథములో లాటిను పేర్లతోపాటు తెలుగు పేర్లను కూడ వ్రాసెను. ఆ తెలుగు పేర్లు ఈ నేల మనుష్యులవే. చదువుకొన్నవాడును అడిగి తెలిసికొనవలసినదే.

ఇక మనుష్యుల సంగతి. మన ఊరికి క్రొత్త కుటుంబము వచ్చినప్పుడు, "మీరేమిట్లు?" అని మొదట అడుగుదుము. జవాబు వినగానే వారిని ఎరిగితిమనుకొందుము. మనకు దొరికినది పేరే గాని ఎరుక కాదు. యెష్షయి ఇంట సమూయేలు కూడ పైరూపమును చూచి పెద్దకుమారుడే తగినవాడనుకొనెను. దేవుడు గొఱ్ఱెలు కాయుచున్న చిన్నవానిని పిలిపించెను.

అయితే కీడు కనబడినను ఊరకుండవలెనా? ఉండరాదు. పులికంపను కాయ పండకమునుపే వేళ్లతో పెరుకుట మంచిది. మనుష్యుడు చేసిన కీడును కీడనియే చెప్పి, నష్టపోయినవారి పక్షమున నిలువవలెను. అయినను పులికంప ఎన్నటికిని మల్లె కాదు, మనుష్యుడు మారగలడు. అందుచేతనే ఉపమానములోని తోటమాలి ఫలింపని అంజూరపు చెట్టుకు ఇంకొక యేడు గడువు కోరి, త్రవ్వి ఎరువు వేసెదననెను. దూరమునుండి కనిపెట్టుచుండుట ఓర్పు కాదు. దగ్గరకు పోయి పాటుపడుటయే ఓర్పు.

వచ్చే ఆదివారము వెనుక చాపమీద క్రొత్తవారెవరైన కూర్చుండినయెడల, వారి కులము అడుగక, అన్నము తిన్నారా యని అడుగుదము.