సంక్రాంతికి సూర్యుడు దగ్గర

ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడని చాలామంది నమ్మకం. లెక్క చూస్తే తారుమారు. సంక్రాంతికి ముందు, జనవరి మొదటి వారంలో, భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. మనం దుప్పటి కప్పుకునే రోజుల్లోనే ఆయన దగ్గర! పైగా దూరమే కారణమైతే లోకమంతా ఒకేసారి వేసవి రావాలి. ఆస్ట్రేలియాలో జనవరిలోనే ఎండలు మండుతాయి. అసలు కారణం 23.4 డిగ్రీలు ఒరిగిన భూమి అక్షం. సూర్యుడి వైపు ఒరిగిన సగానికి కిరణాలు నిటారుగా పడతాయి, పగలు సాగుతుంది.

అలాగైతే హైదరాబాదులో మే 9 ప్రాంతంలోలాగే ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం కర్ర నిలబెడితే నీడ పడదు కదా, అప్పుడు వడగాడ్పులేవీ? న్యాయమైన ప్రశ్నే. కోణం అదే, కానీ ఈలోగా నైరుతి రుతుపవనాలొచ్చి మబ్బులు కమ్ముతాయి. తడిసిన నేల మీద ఎండ వేడి చాలావరకు నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది.