సంతకం లేని బొమ్మ

బీజింగ్‌లో తియనన్‌మెన్ ద్వారం మీద ఉండే మావో బొమ్మని టీవీలోనైనా చూడనివాళ్లు తక్కువ. దాదాపు ఆరు మీటర్ల ఎత్తు, టన్నున్నర బరువు. ఎప్పట్నుంచో ఉన్నది ఒకటే బొమ్మ అనుకునేవాణ్ని. కాదట. ఎండకీ దుమ్ముకీ రంగు వెలిసిపోతుంది కాబట్టి, ఏటా అక్టోబర్ 1 జాతీయ దినోత్సవానికి ముందు కొత్తది ఎక్కిస్తారు. 1977 నుంచి దశాబ్దాల పాటు దాన్ని వేస్తూ వచ్చిన చిత్రకారుడు గె షావ్‌గ్వాంగ్. బొమ్మ మీద సంతకం ఉండదు. పోయినేడాది బొమ్మకీ ఈ ఏడాది బొమ్మకీ తేడా ఎవరూ పట్టుకోలేకపోతే ఆయన పని బాగా చేసినట్టు.

నా ఉద్యోగమూ ఇలాంటిదే. ఎవరో ఎప్పుడో రాసిన సాఫ్ట్‌వేర్ చెడిపోకుండా చూసుకోవాలి. అంతా సవ్యంగా నడిస్తే నేనొకణ్ని ఉన్నానని ఎవరికీ తెలీదు. అందుకే గె మీద మొదట అభిమానమే కలిగింది.

అయితే ఆ బొమ్మ కథలో ఇంకొంత ఉంది. గె గురువు వాంగ్ గ్వోడాంగ్ 1964 నుంచి దాన్ని వేశారు. అప్పటి బొమ్మలో ముఖం కాస్త పక్కకి తిరిగి, ఒక్క చెవే కనపడేది. సాంస్కృతిక విప్లవ కాలంలో అదే నేరమైంది: మావో కొందరి మాటే వింటాడని దీని అర్థమా అన్నారు. వాంగ్‌ని రెండేళ్లు ఫ్రేములు చేసే పనికి పంపారు. బొమ్మకి రెండో చెవి వచ్చింది.

1989 మే 23న హునాన్ నుంచి వచ్చిన ముగ్గురు యువకులు ఆ బొమ్మ మీదికి రంగు నింపిన గుడ్లు విసిరారు. వాళ్లలో యూ డోంగ్యూయె ఒక పత్రికలో కళావిభాగం చూసేవాడు. అతని చేతికీ తెలిసినవి రంగులే. ఆ రోజే మరకల బొమ్మ దిగి, మచ్చలేని బొమ్మ ఎక్కింది. యూకి ఇరవై ఏళ్ల శిక్ష పడింది. 2006లో బయటికొచ్చేసరికి మతి చలించి ఉన్నాడు.

బొమ్మ వేసిన చేయి శిక్ష వేయలేదు, నిజమే. పైగా ఆయన కాకపోతే ఇంకొకరు వేసేవారు. ఈ రెండో మాట నాకు బాగా పరిచయం. ఒకసారి మా టీంని, ఉద్యోగులు రోజులో ఎన్ని నిమిషాలు కీబోర్డు ముట్టుకోలేదో లెక్కపెట్టే టూల్ రాయమన్నారు. మనం కాకపోతే వేరే టీం రాస్తుంది కదా అనుకున్నాను. రాశాను. శ్రద్ధగా, ఒక్క బగ్ లేకుండా రాశాను.

ఇంకొకరు చేసేవారు అనడం వల్ల ఆ పని ఎలాగూ ఆగేది కాదని తేలుతుందే గానీ, చేసింది నేను కాదని తేలదు. సంతకం పెట్టకపోవడం వినయం కావచ్చు, దాక్కోవడమూ కావచ్చు. చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. గె విషయంలో ఏది నిజమో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఒక్క చెవి తగ్గితే ఏమవుతుందో ఆయన కళ్లముందే గురువు జీవితం ఉంది.

నాకు ఆ భయం కూడా లేదు. కాదంటే, మహా అయితే ఆ ఏడాది అప్రైజల్‌లో ఒక రేటింగ్ తగ్గేది.