గది ఇచ్చిన తర్వాత

మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. చిన్నప్పుడు రైల్వే స్టేషన్‌లో పడుకుని, బాలల సదనంలో పెరిగి, 18 నిండగానే బయటికొచ్చిన కుర్రాడు అద్దెకడిగాడు. ‘అమ్మానాన్నలెవరు? మీరేమిట్లు?’ అని మీ నోటా వస్తుందా?

1917లో బరోడాలో బాబాసాహెబ్‌ని పార్సీ సత్రంలోంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతి తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లమే కదా మనం!

సరే, గది ఇచ్చారు. అసలు పని అప్పుడే మొదలు. ఆ పిల్లాడికి తాళంచెవి కొత్త, కరెంటు బిల్లు కొత్త. ఒంటరిగా నిద్ర పట్టక పాత స్నేహితుల్ని పిలుచుకుంటాడు. రెండు నెలల అద్దె ఆగిపోద్ది. ‘ఇట్లాంటోళ్లకి ఇల్లెందుకు’ అంటారు పక్కింటోళ్లు. దానం ఒక్క పూటతో అయిపోతుంది, మైత్రికి అసలు పరీక్ష ఆ మూడో నెలలోనే.

అద్దె వదిలేయమనడం లేదు. మీకూ అదే బతుకుతెరువు కావచ్చు. కూర్చోబెట్టి వారానికింత అని మాట్లాడుకోండి. 2015 బాలల న్యాయ చట్టంలో ఇలాంటివాళ్లకి 21 ఏళ్ల దాకా ఆసరా ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి మీరూ తోడెళ్లండి, ఒక్కడే వెళ్తే తిప్పుతారు.

వచ్చే ఆదివారం విహారంలో వందన అయ్యాక అడగండి: మనలో ఎవరి గది ఖాళీగా ఉంది?