కుట్లు, అల్లికలు కాలక్షేపమేనా?

ఎవరికీ అక్కరలేని పనిలో ఆనందపడడం తప్పా? వినడానికి ఇది చిన్న ప్రశ్న. కాని మన కుటుంబాలలో చాలామంది, ముఖ్యంగా తల్లులు, దీనిని మనసులో మోస్తూనే ఉంటారు. డిసెంబరు, జనవరి నెలలలో చలి గట్టిగా పడిన రోజున మన వెంగళరావు నగర్ వీధులలో నడుస్తూ ఒకసారి తలెత్తి చూడండి. డాబా మీద ఎండపొడ పడిన చోట కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, ఒళ్ళో గుడ్డ బిగించిన రింగు పెట్టుకుని క్రాస్ కుట్టు కుట్టుకునే ఇల్లాలు కనబడవచ్చు. మెట్ల మీద అలికిడి కాగానే ఆమె రింగు పక్కన పెట్టి, ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెడుతుంది. దొంగతనమేమీ చేయలేదు గదా! ఎందుకా కంగారు?

ఇంటివారి మాటలు మనకు తెలియనివి కావు. "బజారులో ఇంతకంటె మంచి దిండుగలేబు చవకగా దొరుకుతుంది, నెల రోజులు కళ్ళు పోగొట్టుకోవడం దేనికి?" అంటారు ఒకరు. "అంత ఓపిక ఉంటే నాలుగు కుట్టి అమ్మరాదూ?" అంటారు మరొకరు. కొంచెం భక్తిపరులైతే, ఆ సమయానికి ఒక జపమాల చెప్పుకోవచ్చు గదా అంటారు. ఈ మూడో మాటకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. జపమాల చెప్పుకునే తల్లులే ఎక్కువగా కుడుతూ కూడా కనబడుతుంటారు.

ఈ కుట్టు ఎరుగని మగవారి కోసం రెండు మాటలు. మ్యాటీ గుడ్డలో పోగులు నిలువుకూ అడ్డానికీ సమంగా నేసి ఉంటాయి, కనుక గుడ్డంతా సన్నని గడులుగా ఉంటుంది. ఒక్కొక్క గడి మీద సూదితో ఒక అడ్డగీత, దాని మీద ఎదురు గీత. అంతే, ఒక చిన్న సిలువ. పైగీత అన్ని గడులలోనూ ఒకే వైపుకు వాలాలి, లేకపోతే వెలుతురు పడినప్పుడు ఆ తేడా తెలిసిపోతుంది. ఒక్క గడి లెక్క తప్పితే నెమలి మెడ వంకరపోతుంది, విప్పి మళ్ళీ కుట్టాలి. మంచి చేతిపని అవునో కాదో తెలుసుకోవాలంటే గుడ్డను తిరగేసి చూస్తారు. పూర్వం ఐరోపా ఇళ్ళలో దుప్పట్ల మీద, తువ్వాళ్ళ మీద ఇంటివారి పేరు అక్షరాలు వేయడానికి ఈ కుట్టునే వాడేవారు. కాన్వెంటు బడులలో సిస్టర్ల వద్ద సూది పట్టిన మన పెద్దవారికి ఇదంతా నాకంటె బాగా తెలుసు.

ఇక ప్రశ్నకు వద్దాం. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా' గ్రంథంలో ఆటపాటలలో కూడా ఒక సుగుణం ఉంటుందా అని సూటిగా అడిగారు. ఉంటుందనే చెప్పారు. అక్కడ ఆయన ఒక పాత కథ తెస్తారు. పునీత యోహాను తన శిష్యులతో ఆడుకుంటుండగా చూసి కొందరు నొచ్చుకున్నారట. యోహాను వారిలో విల్లు పట్టుకున్న వానిని పిలిచి, బాణం వేయమని, మళ్ళీ మళ్ళీ వేయమని చెప్పి, ఎడతెగకుండా ఇలాగే వేయగలవా అని అడిగారు. వేస్తే విల్లు విరుగుతుందన్నాడతడు. మనసూ అంతేనని యోహాను సమాధానం. అంతటితో ఆగక, తాను నవ్వక, ఇతరులను నవ్వనివ్వక ఉండేవారిలో కూడా దోషం ఉందంటారు అక్వినాసు. ముఖం ముడుచుకుని కూర్చోవడమే భక్తి అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఈ జవాబు మంచిదే, కాని నాకు పూర్తిగా తృప్తినివ్వదు. విల్లు వదులు చేసేది మళ్ళీ ఎక్కుపెట్టడానికే గదా! అప్పుడు కుట్టు మందు బిళ్ళ వంటిదవుతుంది. రేపు వంటింట్లో చురుకుగా పనిచేయడం కోసం ఈ రోజు కాస్త విశ్రాంతి అన్నమాట. అరిస్టాటిలు ఇంకొక మెట్టు పైకి వెళ్ళాడు. కొన్ని పనుల ఫలం పని బయట ఉంటుంది, కొన్ని పనులు తమకు తామే ఫలం అన్నాడు. ఇల్లు కట్టడం మొదటి రకం, చూడడం రెండవ రకం. క్రాస్ కుట్టు ఏ రకం? నెమలి పూర్తయ్యేదాకా పని అసంపూర్ణమే. అయినా ఒక్కొక్క గడి దగ్గర ఒక్కొక్క సిలువ పూర్తయిపోతూనే ఉంటుంది. సగంలో ఆగిపోయిన నెమలి బీరువాలో ఉండిపోయినా, ఆ మధ్యాహ్నం వృథా కాలేదనే నేనంటాను. ఆమె కళ్ళు, చేతులు, మనసు ఒక్కచోట కుదురుగా ఉన్నాయి. అది మనకు దినమంతా ఎన్నిసార్లు దొరుకుతుంది?

కాని 'తీరిక' అనే మాటను ఎవరు పలుకుతున్నారో కూడా చూడాలి. పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు అందరికీ తెలిసినదే. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీల కుటుంబాలు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన ఈ అల్లిక, తరువాత గడప దాటని ఘోషా కుటుంబాలకు కూడా పాకి, విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త ఆ ఊళ్ళలో తిరిగి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీ చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నా, ఆ స్త్రీలకు వచ్చేది వ్యవసాయ కూలీ కనీస వేతనం కంటె ఎంతో తక్కువ అని ఆమె చూపించారు. ఎందుకంటే వారు కార్మికులు కారట. ఇల్లాళ్ళు ఊరక కూర్చోలేక తీరిక వేళలో చేసుకునే పని అట! వ్యాపారికి ఆ ఒక్క మాట ఎన్ని వేల రూపాయలు మిగిల్చిందో ఆలోచించండి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. అల్లే చేతికి ఎంత కూలి అన్నది వేరే సంగతి.

డాబా మీది తల్లి చేతిలో సూది, నరసాపురం తల్లి చేతిలో కొక్కెం. కదలిక దాదాపు ఒకటే. తేడా ఎక్కడ? డాబా మీది తల్లి ఎప్పుడు కావాలంటే అప్పుడు కింద పెట్టేయగలదు. రెండవ ఆమె పెట్టేస్తే పొయ్యి మీద ఎసరుకు బియ్యం ఉండవు. ఆమెకు తన పనిలో ఆనందం లేదని కాదు. పూల మొగ్గ చక్కగా అమరినప్పుడు ఆమె ముఖం కూడా వికసిస్తుంది. కాని ఆ ఆనందం ఆమె సొత్తు. దానిని కూలిలోంచి తగ్గించుకునే హక్కు ఎవరికీ లేదు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రమ గురించి వ్రాసిన విశ్వలేఖలో పనికి విలువ మొదట చేసే మనిషిని బట్టి వస్తుందని బోధించారు. ఇది ఫిలింనగర్ తారల జాకెట్ల మీద మగ్గం పని చేసేవారికీ వర్తిస్తుంది. మన విచారణలకూ వర్తిస్తుంది. "భక్తితో చేస్తారులెండి" అంటూ పూజావస్త్రాల కుట్టుకూలి ఎగవేయడం, "సేవాభావం ఉన్నవారు" అంటూ బడిపంతులమ్మ జీతం కోయడం కూడా నరసాపురం వ్యాపారి లెక్కే.

ఇంకొక సంగతి. క్రికెట్టు మ్యాచ్ ఉన్న రోజున ఇంటి యజమాని ఉదయం నుంచి సాయంత్రం వరకు టీవీ ముందు కూర్చుంటే, దానివల్ల ఏమి తయారైందని ఎవరూ అడగరు. ఇల్లాలి విశ్రాంతికి మాత్రం చివర ఒక దిండుగలేబు సాక్ష్యంగా కనబడాలి. చేతులు ఆడుతుంటేనే ఆమె కూర్చోవడాన్ని ఇల్లు సహిస్తుంది. నాకు తెలిసి చాలామంది తల్లులు కుట్టును ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. అట్టివారికి నేను చెప్పేది, కుట్టకుండా ఎండలో ఊరికే కూర్చోవడం కూడా తప్పు కాదని. అయ్యలూ, ఆ రోజు టీ మీరు పెట్టండి. పాలు పొంగిపోకుండా చూసుకోండి చాలు.

అరిస్టాటిలు మెచ్చుకున్న తీరిక కింద బానిసల చాకిరీ ఉందన్న సంగతి కూడా మరువరాదు. మన తీరిక కింద ఎవరున్నారు? చలి రోజున తెల్లవారకముందే వచ్చి, చన్నీళ్ళలో అంట్లు తోమి, బట్టలు జాడించి పోయే పనిమనిషి ఉంది. ఆమె చేతివేళ్ళు పగిలి ఉంటాయి. ఆమెకూ పూలు కుట్టడం వచ్చేమో మనం అడగలేదు. వేడినీళ్ళు ఒక బకెట్టు పెట్టి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. వారానికి ఒక రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వడం మాత్రం కొంచెం కష్టమే, ఎందుకంటే ఆ రోజు అంట్లు ఎవరు తోమాలన్న పేచీ వస్తుంది. ఆ పేచీ ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసినది.